దగ్గర కూర్చుని వినే సంగీతం

(చిత్తూరు సుబ్రహ్మణ్య పిళ్లై స్మారకోపన్యాసం, పాకాల)

 

చిత్తూరు సుబ్రహ్మణ్య పిళ్లై గారి స్మృతిలో మాట్లాడే అవకాశం ఇచ్చారు. స్మారకోపన్యాసానికి రెండు బాధ్యతలుంటాయి. గతించిన మహానుభావుణ్ణి సరిగ్గా తలచుకోవడం ఒకటి. ఆయన జీవితం ధారపోసిన పని ఇకముందు ఎలా సాగాలో ఆలోచించడం రెండోది. మొదటిదాన్ని భక్తితో చేస్తాను, రెండోదానికి ఎక్కువ సమయం తీసుకుంటాను. నేను చెప్పదలచిన మాట ఒక్కటే. మన సంగీతంలో అన్నిటికన్నా సున్నితమైన భాగం దగ్గర కూర్చున్నవాళ్లకే వినబడుతుంది. ఆ దగ్గరితనాన్ని నిలబెట్టడం మహానగరాలకు రోజురోజుకూ కష్టమవుతోంది, పాకాల వంటి ఊరికి అది సాధ్యం. రాబోయే కార్తీకం నుంచి చైత్రం దాకా ఈ ఊళ్లో నెలకొక చిన్న కచేరీ జరగాలని నా కోరిక. ఎందుకు జరగాలో, ఎలా జరగాలో మీ ముందు పెడతాను.

పుంగనూరు నుంచి కాంచీపురానికి

సుబ్రహ్మణ్య పిళ్లై గారు 1898లో పుంగనూరులో పుట్టారు. చిత్తూరు జిల్లా ఏర్పడింది 1911లో. అంటే జిల్లాకంటే ఆయన వయసులో పెద్ద. పెరిగి పెద్దయ్యాక ఆ జిల్లా పేరునే తన పేరు ముందు పెట్టుకుని దక్షిణాది అంతటా మోశారు. కాంచీపురం నాయనా పిళ్లై గారి దగ్గర ఏళ్ల తరబడి గురుకులవాసం చేశారు. 1954లో మద్రాసు మ్యూజిక్ అకాడమీ ఆయనకు సంగీత కళానిధి బిరుదు ఇచ్చింది. గొంతు విప్పితే సభను ఊపేసిన మధురై సోము ఆయన శిష్యుడే. 1975లో పిళ్లై గారు కన్నుమూశారు.

ఆయనను అర్థం చేసుకోవాలంటే గురువు దగ్గరికి వెళ్లాలి. నాయనా పిళ్లై గారు 1889లో పుట్టి 1934లో వెళ్లిపోయారు. బతికింది నలభై అయిదేళ్లు. పేరు మోసిన గాయని కాంచీపురం ధనకోటి అమ్మాళ్ ఆయన తల్లికి తోబుట్టువు. కాంచీపురంలో ఆయన ఏటా త్యాగరాజ ఉత్సవం వైభవంగా జరిపేవారు. ఆ ఊళ్లో 1919లో పుట్టిన డి.కె. పట్టమ్మాళ్ చిన్నతనంలో ఆయన పాట విని, తన మానసిక గురువుగా ఆయననే చెప్పుకొన్నారు. గ్రామఫోను రికార్డులు ఊరూరా తిరిగే కాలంలో ఉండి కూడా ఆయన రికార్డు ఇవ్వలేదు. ఆయన గొంతు ఎలా ఉండేదో ఈవేళ వినడానికి మనకు దారి లేదు. ఎదురుగా కూర్చుని విన్నవాళ్లతోనే ఆ గొంతు వెళ్లిపోయింది, శిష్యుల గొంతుల్లో మాత్రం మిగిలింది. సుబ్రహ్మణ్య పిళ్లై గారు ఆ మిగిలిన సంపదకు వారసులు.

లయ నాయనా పిళ్లై గారి ప్రాణం. క్లిష్టమైన తాళాల్లో పల్లవులు పాడేవారు. ఆయన కచేరీకి ‘ఫుల్ బెంచ్’ అని పేరు. ఇప్పుడు మనం సాధారణంగా చూసేది గాత్రం, వయొలిన్, మృదంగం, మహా అయితే పక్కన ఘటమో కంజీరో. ఆయన వేదిక మీద వయొలిన్, మృదంగం, కంజీర, ఘటం, మోర్సింగ్, నోటితో జతులు పలికే కొన్నక్కోలు, ఒక్కోసారి డోలక్ కూడా ఉండేవి. పుదుక్కోట దక్షిణామూర్తి పిళ్లై వంటి ఉద్దండులు పక్కన కూర్చునేవారు. అంతమంది మధ్య పాడేవాడు ఎక్కడా తాళం తప్పకూడదు, తాళం చూసుకుంటూ భావం పోగొట్టుకోకూడదు. ఆ పరీక్షకు ఆయన ప్రతి కచేరీలో స్వయంగా నిలబడ్డారు.

ఫుల్ బెంచ్ నడిచే తీరు ఒకసారి గమనించండి. నడిపేవాడంటూ వేరే ఎవరూ ఉండరు. చేతిలో కర్ర పట్టుకుని ఎదుట నిలబడే నిర్వాహకుడు లేడు, ముందు కాగితం లేదు. గాయకుడి కుడివైపు మృదంగం. అలా కూర్చుంటేనే మృదంగం కుడి ముఖం, అంటే వలంతల, సభ వైపు తిరుగుతుంది. ఎడమవైపు వయొలిన్. వీళ్లిద్దరూ గాయకుడి ముఖం చూడగలగాలి. తని ఆవర్తనం మొదలైతే మృదంగం ముందు, తరువాత కంజీర, ఘటం, మోర్సింగ్ వంతులవారీగా వాయిస్తాయి. ఆ వంతులు క్రమంగా కుదించుకుంటూ వస్తాయి. రెండు ఆవర్తాలు ఒకటవుతాయి, ఒకటి సగమవుతుంది, సగం పావు అవుతుంది. చివరికి అందరూ కలిసి మోహరా వాయించి, తీర్మానం వేసి, పల్లవి ఎత్తుకునే చోట సరిగ్గా వచ్చి వాలతారు. ఇదంతా కంటిచూపుతో, తల ఊపుతో, ఒకరి ఊపిరి ఒకరికి వినబడేంత దగ్గరితనంతో జరుగుతుంది. కంజీర విద్వాంసుడు చర్మం లోపలివైపు నీళ్లు రాసి నాదాన్ని మంద్రానికి దించుతాడు. ఆ దిగడం పదడుగుల్లో కూర్చున్నవాడికి ఒళ్లు జలదరించేలా వినబడుతుంది. వందడుగుల దూరానికి అది ఉత్త దెబ్బగానే చేరుతుంది.

ధనమ్మాళ్ శుక్రవారాలు

ఫుల్ బెంచ్ ఒక అంచు అయితే రెండో అంచున వీణ ధనమ్మాళ్ ఉన్నారు. ఆమె కాలం 1867 నుంచి 1938. మద్రాసు జార్జిటౌనులోని ఇంట్లో శుక్రవారం సాయంత్రాలు ఆమె వీణ వాయించేవారు. ఆ గదికి ఎవరొచ్చినా మాట్లాడకుండా కూర్చోవాలి. ఆ వీణ నాదం అంత సన్నగా ఉండేది. పెద్ద విద్వాంసులు కూడా ఆ గదిలో ఒక మూల చోటు దొరికితే చాలనుకునేవారు. తరువాతి రోజుల్లో ఆమెకు చూపు పోయింది. శుక్రవారాలు మాత్రం ఆగలేదు.

ఆ గదికి తెలుగువాళ్లం ఎంతో ఋణపడి ఉన్నాం. పదిహేడో శతాబ్దంలో మువ్వ క్షేత్రయ్య రాసిన పదాలు మన సాహిత్యంలో ఉన్నత స్థానంలో ఉన్నవి. వాటి సాహిత్యం పుస్తకాల్లో దొరుకుతుంది, పాడే పద్ధతి పుస్తకాల్లో దొరకదు. ఆ పద్ధతిని కాపాడింది మద్రాసులోని ధనమ్మాళ్ ఇల్లు. ఆమె మనవరాళ్లు బృంద, ముక్త పదాన్ని గొంతులో దాచుకున్నారు. ఇంకో మనవరాలు బాలసరస్వతి దాన్నే అభినయంలో పట్టుకున్నారు. ఈ బృందమ్మనే కీర్తనలు నేర్చుకోవడానికి కాంచీపురంలో నాయనా పిళ్లై గారి దగ్గరికి పంపించారు. ఒక అంచు రెండో అంచును కలిసింది అక్కడే. గది నిండా వాద్యాలున్న గురువు దగ్గరికి, ఒక్క వీణ ఉన్న గది నుంచి శిష్యురాలు వెళ్లింది. ఇద్దరికీ ఉమ్మడిగా ఉన్నది వినేవాడి మీద నమ్మకం.

పదం విలంబకాలంలో నడుస్తుంది. ఒక్క పల్లవినే మళ్లీ మళ్లీ పాడతారు. ప్రతిసారీ అదే మాట, ప్రతిసారీ కొత్త అర్థం. నాయిక కోపం మొదటిసారి పైకి కనిపిస్తుంది, రెండోసారి కోపం కింద ఉన్న బాధ కనిపిస్తుంది, మూడోసారి బాధ కింద ఉన్న ప్రేమ కనిపిస్తుంది. ఈ మార్పు గమకంలో ఒక నలుసంత ఒత్తిడి వల్ల వస్తుంది. ఇటువంటి పాటకు మూడువేల మంది పట్టే పందిరి అక్కరలేదు. వేస్తే ఆ పందిరిలో పాట చచ్చిపోతుంది. గత యాభై అరవై ఏళ్లలో కచేరీల్లో పదం ఎందుకు చివరి అయిదు నిమిషాలకు కుంచించుకుపోయిందని నేను ఆలోచించినప్పుడల్లా నాకు తట్టే మొదటి కారణం ఇదే. పదం పుట్టిన కొలతలో గదులు మనకు మిగల్లేదు.

పాశ్చాత్యులు పదిలంగా ఉంచుకున్నది

యూరప్‌లో కూడా ఇలాంటి గది సంగీతం ఉంది. దాన్ని ఛాంబర్ మ్యూజిక్ అంటారు. పెద్ద ఆర్కెస్ట్రాలో ఒకే స్వరాన్ని పదిమంది వయొలిన్లవారు కలిసి వాయిస్తారు, ఎదుట నిర్వాహకుడు ఉంటాడు. ఛాంబర్ మ్యూజిక్‌లో ఒక్కో భాగానికి ఒక్కరే. రెండు వయొలిన్లు, ఒక వియోలా, ఒక చెల్లో కూర్చుంటే చతుష్టయం. 1732లో పుట్టిన హైడన్ ఇలాంటి చతుష్టయాలు అరవైకి పైగా రాశాడు. ఆయన ఒక ప్రభువు కొలువులో ఉద్యోగి. ఈ సంగీతం పుట్టింది దొరల ఇళ్లలో, స్నేహితులు కూడే గదుల్లో.

మనం వాళ్ల దగ్గర గమనించవలసింది వాళ్ల రాగాలో తాళాలో అనుకోను. ఆ గదిని వాళ్లు పోగొట్టుకోకపోవడం గమనించాలి. దొరలు పోయాక, ఊళ్లు పెరిగాక కూడా చిన్న సంగీతానికి చిన్న శాలలు కట్టుకున్నారు. లండన్‌లోని విగ్మోర్ హాల్ 1901లో తెరిచారు. అందులో పట్టేది సుమారు 550 మంది. ప్రపంచంలోని మహా విద్వాంసులు అక్కడ మైకు లేకుండా వాయిస్తారు. ఏ నెలలో ఎవరు ఏ కృతి వాయిస్తారో నెలల ముందే అచ్చువేసి ఇస్తారు. వినేవాళ్లు ఆ జాబితా చూసుకుని, ఆ కృతిని ముందుగా విని, సిద్ధపడి వస్తారు. ‘కచేరీల కాలం’ అంటే వాళ్ల లెక్కలో విడివిడి కార్యక్రమాల మూట కాదు. ఒక సాయంత్రం విన్నది వచ్చే నెల వినబోయేదానికి తొలిమెట్టుగా అమర్చుకుంటారు.

ఈ పాశ్చాత్య గది సంగీతం మనకు పరాయిది అనుకోనక్కరలేదు. దాని ఒక తీగ మన ఊరి రైలు దారి మీదుగానే వెళ్లింది. పాకాల నుంచి ధర్మవరం వెళ్లే దారిలో మదనపల్లె రోడ్ స్టేషన్ ఉంది. 1919 ఫిబ్రవరిలో రవీంద్రనాథ్ ఠాగూర్ మదనపల్లె థియోసాఫికల్ కాలేజీకి వచ్చారు. అప్పటి ప్రిన్సిపాల్ జేమ్స్ కజిన్స్. ఆయన భార్య మార్గరెట్ కజిన్స్ ఐర్లండ్‌లో సంగీతంలో పట్టా పొందిన పియానో విద్వాంసురాలు. 1911 డిసెంబరులో కలకత్తా కాంగ్రెస్ మహాసభలో తొలిసారి పాడిన జనగణమనను ఠాగూర్ మదనపల్లెలో విద్యార్థుల ముందు స్వయంగా పాడారు. మార్గరెట్ కజిన్స్ ఆ వరుసను స్వరపరచి కాగితం మీద పెట్టారు. ఠాగూర్ ఆంగ్లానువాదం కింద మదనపల్లె పేరు, 1919 ఫిబ్రవరి 28 తేదీ ఉన్నాయి. 1950లో దేశం జాతీయగీతంగా స్వీకరించిన పాట మన పక్క ఊరి కాలేజీలో, కొద్దిమంది పిల్లల మధ్య, ఒక బెంగాలీ కవి గొంతు నుంచి ఒక ఐరిష్ విద్వాంసురాలి చెవికి చేరింది. మార్గరెట్ కజిన్స్ ఆ తరువాత తూర్పు పడమరల సంగీతాల మీద పుస్తకమే రాశారు. ఇంత పెద్ద విషయానికి పెద్ద సభ అవసరం కాలేదు.

వయొలిన్ మాట కూడా చెప్పాలి.  ముత్తుస్వామి దీక్షితుల తమ్ముడు బాలుస్వామి దీక్షితులు యూరోపియన్ విద్వాంసుడి దగ్గర వయొలిన్ నేర్చుకుని దాన్ని మన సంగీతానికి అలవాటు చేశారు. పరాయి వాద్యాన్ని ఒళ్లో కూర్చోబెట్టుకుని, శ్రుతి మార్చుకుని, మన గమకం పలికించారు. ఆ వాద్యానికి తెలుగునాట పట్టాభిషేకం చేసినవారు ద్వారం వెంకటస్వామి నాయుడు గారు. 1919లో విజయనగరంలో మహారాజా సంగీత కళాశాల మొదలైంది. హరికథా పితామహుడు ఆదిభట్ల నారాయణదాసు గారు దానికి తొలి అధ్యక్షులు, ద్వారం వారు అక్కడ వయొలిన్ ఆచార్యులు. 1936లో ఆయనే ఆ కళాశాల బాధ్యత తీసుకున్నారు. పక్కవాద్యంగా ఉన్న వయొలిన్‌ను కచేరీ మధ్యలో కూర్చోబెట్టారు. 1952లో యెహూదీ మెనూహిన్ మద్రాసు వచ్చినప్పుడు జస్టిస్ రాజమన్నార్ గారి ఇంట్లో ద్వారం వారి వాయిద్యం విని అబ్బురపడ్డారు. ప్రపంచ ప్రఖ్యాత వయొలినిస్టు మన వయొలిన్‌ను విన్నది ఒక ఇంట్లో అన్న సంగతి మరిచిపోవద్దు.

మైకు చేసిన మేలు, కీడు

మైకును నేను ద్వేషించడం లేదు. అది వచ్చాకే ఇళ్లలో, కొలువుల్లో ఉన్న సంగీతం సామాన్యుడి దాకా వచ్చింది. సన్నని గొంతులవాళ్లు కూడా వేదిక ఎక్కగలిగారు. రేడియో లేకపోతే రాయలసీమ పల్లెల్లో బాలమురళీకృష్ణ గారి గొంతు ఎవరు విని ఉండేవారు? ఆ మేలుకు కృతజ్ఞతతోనే కీడు గురించి మాట్లాడుతున్నాను.

మైకు పెట్టగానే విద్వాంసుడు తన పక్కన కూర్చున్నవాడిని నేరుగా వినడం మానేస్తాడు. ఎదురుగా పెట్టిన పెట్టెలోంచి వచ్చే శబ్దాన్ని వింటాడు. మృదంగం కాస్త పెంచమంటాడు ఒకరు, గాత్రం పెంచమంటాడు మరొకరు. అందరూ పెరిగాక ఎవరూ వినబడరు. తంబురా నాదాన్ని చూడండి. గుర్రం మీద తీగ కింద దారం పోగు సరైన చోట ఆగితే నాలుగు తీగల్లోంచి లెక్కలేనన్ని స్వరాలు పుట్టి గదినంతా ఆవరిస్తాయి. ఆ నాదంలో మునిగి గాయకుడు షడ్జమం పట్టుకోవాలి. ఇప్పుడు చాలా వేదికల మీద ఎలక్ట్రానిక్ పెట్టె ఒకటి ఆ పని కానిస్తోంది. పిల్లలు షడ్జమం అంటే అదే అనుకుంటున్నారు.

వీధిలో వినవలసిన సంగీతం, గదిలో వినవలసిన సంగీతం రెండూ మనకున్నాయి. నాదస్వరం, డోలు వీధి కోసం పుట్టినవి. దేవుడి ఊరేగింపు వెంట నాలుగు మాడవీధులూ నింపగల సత్తా వాటిది. కరవది నుంచి వెళ్లి శ్రీరంగంలో స్థిరపడిన షేక్ చిన మౌలానా గారు ఆ వాద్యాన్ని ఏ మైకూ పెంచవలసిన అవసరం లేని ఎత్తుకు తీసుకెళ్లారు. వీణ, పదం, రాగాలాపన గది కోసం పుట్టినవి. దేని చోటు దానికి ఇవ్వడమే మనం చేయవలసింది. వీధి సంగీతానికి మన జిల్లాలో చోటు ఇంకా ఉంది. గది సంగీతానికి చోటు మనమే కట్టాలి.

వినేవాళ్లు ఇక్కడున్నారు

పాకాలలో వినేవాళ్లు దొరుకుతారా అని కొందరు మిత్రులు సందేహపడ్డారు. నాకు ఆ సందేహం లేదు, కారణాలు నాలుగు. మొదటిది, మన జిల్లాలో ధర్మరాజుల గుళ్ల దగ్గర జరిగే భారతం ఉత్సవాలు చూడండి. పద్దెనిమిది రోజులు పగలు హరికథ, రాత్రి వీధినాటకం. పొలం పనులు చేసి వచ్చినవాళ్లు తెల్లవార్లూ కూర్చుని పద్యం వింటారు. రాగం ఎక్కడ తప్పిందో, దరువు ఎక్కడ జారిందో చదువురాని ముసలమ్మ కూడా చెప్పగలదు. కథ మొత్తం తెలిసీ మళ్లీ వింటారు, ఈసారి హరిదాసుగారు ఎలా చెబుతారో వినడానికి. మనోధర్మ సంగీతానికి కావలసిన శ్రోత సరిగ్గా ఇలాంటివాడే.

రెండోది, అన్నమయ్య. తాళ్లపాక కవి 1408 నుంచి 1503 దాకా జీవించి, ముప్పై రెండు వేల సంకీర్తనలు చెప్పాడని ప్రతీతి. రాగిరేకుల మీద పన్నెండు వేలకు పైగా మిగిలాయి. ఆ రేకుల మీద ప్రతి పాటకూ రాగం పేరు ఉంది, స్వరం లేదు. వేటూరి ప్రభాకరశాస్త్రి గారు, ఆ తరువాత రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ గారు తిరుపతిలో ఆ రేకుల మీద పనిచేశారు. రాళ్లపల్లి వారు చాలా పాటలకు వరుసలు కట్టారు. నేదునూరి కృష్ణమూర్తి గారు మరెన్నో కట్టారు. తిరుమల తిరుపతి దేవస్థానం 1978లో అన్నమాచార్య ప్రాజెక్టు మొదలుపెట్టాక ఆ పాటలు ఇంటింటికీ చేరాయి. ఇప్పుడు మన ఊళ్లో అన్నమయ్య పాట ఒక్కటైనా రాని పిల్లలు అరుదు.

మూడోది, పిల్లలు. తిరుపతిలో శ్రీ వేంకటేశ్వర సంగీత నృత్య కళాశాల 1959 నుంచి నడుస్తోంది. నాదస్వరం, డోలు నేర్పే పాఠశాల కూడా దేవస్థానం నడుపుతోంది. అక్కడ పట్టా పొందిన యువతీయువకులకు విద్య ఉంది, పాడడానికి చోటు తక్కువ. పరీక్షలో అరగంట పాడినవాళ్లు రెండు గంటల కచేరీ ఎక్కడ నేర్చుకోవాలి? ఇటువంటి చిన్న గదుల్లోనే నేర్చుకోవాలి.

నాలుగోది, ఊరి ఉనికి. కాట్పాడి దారి, తిరుపతి దారి, ధర్మవరం దారి పాకాల జంక్షన్‌లో కలుస్తాయి. చిత్తూరు నుంచి, తిరుపతి నుంచి, పీలేరు, మదనపల్లె వైపు నుంచి శ్రోత సాయంత్రం వచ్చి రాత్రికి తిరిగి వెళ్లగలడు. రైలు వేళలు చూసుకుని కచేరీ వేళ పెట్టుకుంటే చాలు.

ఆరు సాయంత్రాలు

ఇప్పుడు నా ప్రతిపాదన. కార్తీకం నుంచి చైత్రం దాకా ఆరు నెలలు, ఆరు సాయంత్రాలు.

కార్తీకంలో ఒక వీణ, ఒక మృదంగం. ధనమ్మాళ్ గారిని తలచుకుంటూ పదాలకు, జావళులకు ఆ సాయంత్రం అంకితం కావాలి. వీణకు పికప్ తగిలించకూడదు. మొదటి పది నిమిషాలు నాదం చాలడం లేదనిపిస్తుంది. ఆ పది నిమిషాల్లో చెవి తనంతట తాను సర్దుకుంటుంది. ఈ ఒక్క అనుభవం కోసమైనా మొదటి సాయంత్రం వీణతో మొదలు కావాలి.

మార్గశిరంలో ధనుర్మాసం వస్తుంది. పెద్ద విద్వాంసులందరూ డిసెంబరులో చెన్నై సభల్లో ఉంటారు. వాళ్ల కోసం పోటీ పడవద్దు. ఆ నెల మన యువకులది. తిరుపతిలో చదువుకుంటున్నవాళ్లు అన్నమయ్య సంకీర్తనలు పాడాలి. ఒకే పాటను రెండు వరుసల్లో పాడి, రెండింటి మధ్య ఏం మారిందో ఒక పెద్దవారు వివరించాలి. స్వరం లేని రేకు నుంచి పాట ఎలా లేచిందో పిల్లలకు అప్పుడు తెలుస్తుంది.

పుష్య బహుళ పంచమి త్యాగరాజస్వామి ఆరాధన. ఆ సాయంత్రం విద్వాంసులకూ, విద్యార్థులకూ మధ్య తేడా ఉండకూడదు. నాట, గౌళ, ఆరభి, వరాళి, శ్రీరాగ పంచరత్నాలను అందరూ కలిసి పాడాలి. కానీ ముందు రెండు నెలలు వారం వారం కూర్చుని నేర్చుకుని పాడాలి. పుస్తకం చూస్తూ గొంతు కలిపితే గోష్ఠి కాదు, గోల అవుతుంది.

మాఘంలో వయొలిన్. ద్వారం వారి స్మృతిలో వయొలిన్ ప్రధానంగా, మృదంగం తోడుగా ఒక రాగం, ఒక తానం, ఒక పల్లవి. కృతుల సంఖ్య తగ్గినా ఫరవాలేదు. ఒకే రాగం గంటసేపు ఎలా విస్తరిస్తుందో ఆ రోజు వినాలి.

ఫాల్గుణంలో, వీలైతే ఫిబ్రవరి 28కి దగ్గరగా, మదనపల్లె ఘట్టాన్ని తలచుకుందాం. చెన్నైలో పాశ్చాత్య సంగీతం నేర్చుకుంటున్న నలుగురు యువకులను పిలిచి ఒక చతుష్టయం వాయింపించుకుందాం. వాళ్లతో మన వయొలిన్ విద్వాంసుడు, మృదంగ విద్వాంసుడు ఒక అరగంట మాట్లాడాలి. ఒకరి శ్రుతి ఒకరు ఎలా చూసుకుంటారు, నడిపేవాడు లేకుండా ఎలా మొదలుపెడతారు, ఎలా ముగిస్తారు అని అడిగి తెలుసుకోవాలి. రెండు సంప్రదాయాలను కలిపి వాయించవలసిన పని లేదు. పక్కపక్కన కూర్చుని ఒకరినొకరు వినడం చాలు.

చైత్రంలో శ్రీరామనవమి పందిళ్లు వేస్తారు. ఆ వారంలో చివరి కచేరీ, సుబ్రహ్మణ్య పిళ్లై గారి పేరు మీద ఫుల్ బెంచ్. గాత్రం, వయొలిన్, మృదంగం, కంజీర, ఘటం, మోర్సింగ్, కొన్నక్కోలు. ఇది కూడా మైకు లేకుండానే. ఇన్ని వాద్యాల మధ్య గొంతు ఎలా నిలబడుతుందన్నది వాయించేవాళ్ల వినయం మీద ఆధారపడుతుంది. గాయకుడు మెల్లగా పాడినచోట మృదంగం వేలి కొసలతో పలకాలి. ఆ సంయమనం చూస్తే పాత ఫుల్ బెంచ్ ఎందుకు గొప్పదో తెలుస్తుంది.

గది, డబ్బు, క్రమశిక్షణ

కొన్ని ఆచరణ విషయాలు. గది ఎనభై మందికి మించి పట్టనిది అయితే మంచిది. కొత్తగా సిమెంటు పూసిన గోడలకు శబ్దం కొట్టి తిరిగొస్తుంది, కాబట్టి నూలు తెరలు వేలాడదీయాలి, నేల మీద జంపఖానాలు పరవాలి. విద్వాంసులకు ఎత్తైన వేదిక వద్దు, జానెడు ఎత్తు తిన్నె చాలు. పాట సాగుతున్నంతసేపు ఫ్యాన్లు ఆపాలి. అందుకే చల్లటి నెలలు ఎంచుకున్నాను. చైత్రంలో పొద్దు వాలాక పెట్టుకోవచ్చు. శాలువాలు, సన్మానపత్రాలు, వక్తల ప్రసంగాలు కచేరీ మధ్యలో రాకూడదు. రాగాలాపనకు, కృతికి మధ్య శాలువా కప్పడం ఆ రాగానికి చేసే అవమానం.

పాడబోయే కృతుల జాబితా నెల ముందు ఇవ్వాలి. కచేరీకి ముందు ఆదివారం ఎవరింటి అరుగు మీదైనా పదిమంది కూర్చుని ఆ కృతుల సాహిత్యం చదువుకోవాలి, రాగం పరిచయం చేసుకోవాలి. త్యాగరాజు, క్షేత్రయ్య, అన్నమయ్య తెలుగులో రాశారు. తమిళ, కన్నడ, మలయాళ దేశాల శ్రోతలు అర్థం అడిగి తెలుసుకుని మరీ వింటారు. తెలుగు మాతృభాషగా ఉన్న మనం అర్థం తెలుసుననే ధీమాతో వినకుండా వదిలేస్తున్నాం. ఈ లోటు మనమే తీర్చుకోవాలి.

డబ్బు విషయం దాపరికం లేకుండా ఉండాలి. కచేరీ ఉచితం అనే అలవాటు సంగీతానికి మేలు చేయలేదు. ఆరు కచేరీలకు కలిపి ఒకే చందా పెట్టి, కుటుంబానికి ఒక సభ్యత్వం ఇవ్వాలి. విద్యార్థులకు ఏమీ తీసుకోకూడదు. విద్వాంసుడి సంభావన, ప్రయాణం, భోజనం, బస ముందే ఒప్పుకుని, కచేరీ అయిన రాత్రే చేతిలో పెట్టాలి. ప్రధాన గాయకుడికి ఇచ్చేదానికీ ఘటం వాయించేవారికి ఇచ్చేదానికీ మధ్య ఆకాశానికీ భూమికీ ఉన్నంత తేడా ఉండకూడదు. అందరూ కలిస్తేనే నిలిచే సంగీతంలో గౌరవం కూడా అందరికీ పంచాలి. ఏడాది చివర జమాఖర్చులు సభ్యుల ముందు చదవాలి.

చివరిది, ఓపిక. మొదటి ఏడాది వచ్చేవాళ్లు ఇరవైమందే కావచ్చు. అందుకు నిరాశపడి మూడో కచేరీకి సినిమా పాటలు కలిపితే పని చెడిపోతుంది. మూడేళ్లు ఇదే క్రమంలో నడిపి చూడండి. మొదటి ఏడు వినడం నేర్చుకుంటారు. రెండో ఏడు పోల్చుకోవడం నేర్చుకుంటారు. మూడో ఏడు విద్వాంసుడు మీ ముందు పాడాలంటే సాధన చేసుకుని వస్తాడు. మంచి శ్రోత ఉన్న ఊరి పేరు సంగీత లోకంలో త్వరగా పాకుతుంది. కాంచీపురానికి ఆ పేరు వచ్చింది నాయనా పిళ్లై గారి ఒక్కరి పాటవల్ల మాత్రమే కాదు. ఏటా ఆ ఉత్సవానికి వచ్చి, తప్పు జరిగితే పట్టుకోగలిగి, ఒప్పు జరిగితే కళ్లు చెమర్చగలిగిన శ్రోతలవల్ల కూడా వచ్చింది. పుంగనూరు కుర్రవాడు సంగీత కళానిధి అయింది అటువంటి శ్రోతల మధ్య పెరిగినందువల్లే.

ఆయన పేరు మీద మనం విగ్రహం పెట్టవచ్చు, వీధికి పేరు పెట్టవచ్చు. వాటికంటే ఆయన మెచ్చుకునే పని ఆయన పాటను పట్టుకోగల చెవులను తయారుచేయడం. అందుకు కావలసింది ఒక గది, ఏడుగురు విద్వాంసులు, ఎనభైమంది శ్రోతలు, ఆరు సాయంత్రాలు. ఇవన్నీ మన అందుబాటులో ఉన్నవే. గది ఎవరిస్తారో, చందా ఎవరు రాస్తారో, పంచరత్నాలు పిల్లలకు ఎవరు నేర్పుతారో ఈ సభ ముగిసేలోగా నిర్ణయించుకుందాం. నా వంతుగా మొదటి కుటుంబ సభ్యత్వం నా పేరు మీద రాసుకోండి.